ఇంట్లో జలుబు, జ్వరం మందులు: ఏది ఇవ్వవచ్చు, ఎంత ఇవ్వాలి, ఏది అసలు వద్దు

అమ్మా, మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మరికొందరు తల్లులకూ ఉపయోగపడవచ్చు. మీది కావలి దగ్గర పల్లె. నాలుగేళ్ల పాపకూ, పదకొండు నెలల బాబుకూ రెండు రోజులుగా జలుబు, రాత్రుళ్లు జ్వరం. ఇంట్లో మూడు మందులున్నాయి: పాపకు ఇదివరకు వాడిన పారాసిటమాల్ సిరప్, బాబుకు టీకా వేయించినప్పుడు తెచ్చిన పారాసిటమాల్ చుక్కల మందు, మొన్న ఊళ్లో దుకాణంవారు ఇచ్చిన జలుబు సిరప్. పాపకు పోసేదానిలో సగం బాబుకు పోయవచ్చా, జలుబు మందునూ జ్వరం మందునూ కలిపి ఇవ్వవచ్చా, దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయారన్న వార్తలు విన్న తర్వాత అసలు ఏ సిరప్‌నైనా నమ్మవచ్చా అని అడిగారు. పాప బరువు 14 కిలోలు, బాబు బరువు 8 కిలోలని అంగన్‌వాడీలో తూచిన లెక్క చూసి రాశారు. ఆ రెండు అంకెలు ఉన్నందువల్లనే నేను సూటిగా జవాబు చెప్పగలుగుతున్నాను.

నేను నెల్లూరు పొగతోటలో పిల్లల వైద్యులు రాసే చీటీలకు మందులిచ్చే ఫార్మసిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. వైద్యుణ్ణి కాను కనుక జబ్బేమిటో తేల్చే పని నాది కాదు. అయితే ఏ సీసాలో ఏముంటుంది, ఏది దేనితో కలిస్తే ప్రమాదం అన్నది నా వృత్తి, ఆ మేరకు బాధ్యతతో చెబుతున్నాను. జలుబు సిరప్ బాబుకు ఒక్క చుక్క కూడా వద్దు, పాపకూ వద్దు. జ్వరంతో నలతగా ఉన్నప్పుడు పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వండి, దాన్ని బిడ్డ బరువును బట్టి మిల్లీగ్రాములలో లెక్కగట్టి ఇవ్వండి. పెద్దపిల్లకు ఇచ్చేదానిలో సగం చిన్నవాడికి అనే పద్ధతిని ఈరోజే మానుకోండి.

ఎందుకు మానుకోవాలో మీ ఇంట్లో ఉన్న మందులతోనే చూపిస్తాను. పారాసిటమాల్ ద్రవ రూపంలో మన దుకాణాల్లో ముఖ్యంగా మూడు బలాల్లో దొరుకుతుంది. ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కు 120 లేదా 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండో రకం సిరప్‌లో అదే 5 మి.లీ.కు 250 మిల్లీగ్రాములు ఉంటుంది, దుకాణాల్లో దీన్ని డి.ఎస్. అని, డబుల్ స్ట్రెంగ్త్ అని అంటారు. చంటిపిల్లల కోసం తయారయ్యే చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 5 మి.లీ.కు 500 అన్నమాట. సీసా చిన్నది, చంటిబిడ్డల మందు అని రాసి ఉంటుంది కాబట్టి అది పలుచని మందని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడింటిలోనూ చిక్కనిది అదే. తక్కువ పరిమాణంలో బిడ్డ నోట్లోకి పోయడానికి వీలుగా దాన్ని అలా తయారు చేస్తారు.

ఇప్పుడు అర చెంచా, అంటే 2.5 మి.లీ. మందు బాబు నోట్లో పోశారనుకుందాం. మొదటి రకం సిరప్ అయితే వాడికి అందేది సుమారు 62 మిల్లీగ్రాములు, అది వాడి బరువుకు చాలదు. రెండో రకమైతే 125 మిల్లీగ్రాములు, అంటే వాడికి గరిష్ఠ మోతాదైన 120 కంటే కాస్త ఎక్కువ. చుక్కల మందు అయితే ఏకంగా 250 మిల్లీగ్రాములు, అంటే రెట్టింపు దాటింది. చెంచా అదే, పోసిన చేయి అదే, సీసా మారినందువల్ల మోతాదు నాలుగింతలు మారిపోయింది. అందుకే ఎవరైనా అర మూత పోయండి, ఒక చెంచా పోయండి అని చెబితే, ఏ సీసా నుంచి, ఎన్ని మిల్లీగ్రాములు అని తిరిగి అడగండి. అలా అడిగినందుకు ఏ మంచి వైద్యుడూ, ఏ మంచి దుకాణదారుడూ విసుక్కోడు.

లెక్క ఇలా కట్టాలి. పిల్లలకు పారాసిటమాల్ ఒక మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఉండాలి. ఇరవై నాలుగు గంటల్లో నాలుగు మోతాదులు దాటకూడదు. బాబు 8 కిలోలు కనుక వాడికి ఒక మోతాదు 80 నుంచి 120 మిల్లీగ్రాములు. మీ దగ్గరున్న చుక్కల మందు మి.లీ.కు 100 మిల్లీగ్రాములదే అయితే, 1 మి.లీ. ఇస్తే సరిపోతుంది, 1.2 మి.లీ. దాటకూడదు. పాప 14 కిలోలు కనుక ఆమెకు 140 నుంచి 210 మిల్లీగ్రాములు. మీ సిరప్ 250 రకమైతే 3 నుంచి 4 మి.లీ., 125 రకమైతే 6 నుంచి 8 మి.లీ. ఏ రకమో మీరు రాయలేదు, సీసా మీద ప్రతి 5 మి.లీ.లో అన్న మాట పక్కనే ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది, చూసుకోండి. బరువు నెల నెలా పెరుగుతుంది కాబట్టి ఆరు నెలల కిందటి చీటీలో ఉన్న కొలతను ఇప్పుడు వాడకండి. అంగన్‌వాడీలో ప్రతి నెలా తూస్తారు, ఆ అంకెను గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోవడం మంచి అలవాటు.

కొలవడానికి వంటింటి చెంచాలు పనికిరావు. ఒక ఇంట్లోని టీ చెంచాకు 3 మి.లీ. పడితే మరో ఇంట్లోని దానికి 7 మి.లీ. వరకూ పట్టవచ్చు. సీసాతో వచ్చిన మూత మీదా, చుక్కల మందుతో వచ్చిన డ్రాపర్ మీదా గీతలుంటాయి, వాటినే వాడండి. ఒక సీసా డ్రాపర్‌తో మరో సీసా మందు తీయకండి. అన్నిటికంటే మేలైనది సూది లేని ప్లాస్టిక్ సిరంజి. ఏ మందుల దుకాణంలో అడిగినా 5 మి.లీ. సిరంజి కొద్ది రూపాయలకే ఇస్తారు. దానితో మందు తీసి, బిడ్డను కాస్త నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా వదలండి. గొంతులోకి ఒక్కసారిగా కొడితే పొలమారుతుంది. ముక్కు మూసి, ఏడుస్తున్న బిడ్డ నోట్లో బలవంతంగా పోయడం మన ఊళ్లలో ఇంకా చూస్తున్నాను. మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కనుక అలా ఎప్పుడూ చేయవద్దు. సిరప్ అడుగున మందు పేరుకుంటుంది కాబట్టి పోసే ముందు ప్రతిసారీ సీసాను బాగా కుదపాలి. కుదపకుండా పోస్తే మొదటి రోజుల్లో తక్కువ మందు, సీసా చివరికి వచ్చేసరికి ఎక్కువ మందు పడుతుంది. మందు మింగిన వెంటనే మొత్తం కక్కేస్తే ఒకసారి మళ్లీ అదే మోతాదు ఇవ్వవచ్చు. అరగంట గడిచాక కక్కితే మళ్లీ ఇవ్వకుండా తర్వాతి వేళ వరకూ ఆగాలి.

ఇక జలుబు సిరప్ సంగతి. మీ ఇంట్లో ఉన్నది ఏదో నాకు తెలియదు కానీ, పిల్లల జలుబుకు అమ్మే సిరప్‌లలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ అనే రెండు మందులతో పాటు పారాసిటమాల్ కూడా ఉంటుంది. సీసా ముందు వైపు పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు మాత్రమే కనబడుతుంది, పారాసిటమాల్ అన్న మాట వెనుక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవనందువల్ల, తెలియకుండానే రెండు సీసాల నుంచి ఒకే మందు పోస్తారు. 5 మి.లీ.కు 125 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసిన జలుబు సిరప్ అర చెంచా, 250 రకం జ్వరం సిరప్ అర చెంచా, రోజుకు నాలుగుసార్లు బాబుకు ఇచ్చారనుకోండి. రోజు మొత్తానికి 750 మిల్లీగ్రాములు అవుతుంది. వాడి బరువుకు రోజు మొత్తం మీద 480 దాటకూడదు. ఒక పూటకు ఏమీ కనబడదు. కానీ రెండు మూడు రోజులు అలా సాగితే, సరిగా తినక నీరసించి ఉన్న చంటిబిడ్డ కాలేయం మీద ఆ భారం పడుతుంది. పారాసిటమాల్ సరైన మోతాదులో చాలా నమ్మకమైన మందు, అప్పుడే పుట్టిన బిడ్డల వైద్యంలో కూడా వాడతారు. అది హాని చేసే సందర్భాలు దాదాపు అన్నీ లెక్క తప్పిన సందర్భాలే.

మిగిలిన రెండు మందుల గురించి కూడా తెలుసుకోండి. క్లోర్‌ఫెనిరమైన్ మత్తు కలిగిస్తుంది. మందు పోశాక బిడ్డ హాయిగా నిద్రపోయాడని పెద్దలు సంతోషిస్తారు కానీ అది జలుబు తగ్గి పట్టిన నిద్ర కాదు, మందు మత్తు. చంటిపిల్లల్లో ఆ మత్తు శ్వాసను కూడా మందగింపజేయవచ్చు, కొందరిలో అందుకు విరుద్ధంగా చిరాకు, వణుకు తెస్తుంది. ఫినైల్‌ఎఫ్రిన్ రక్తపోటును పెంచగలదు. ముక్కు దిబ్బడ తగ్గించడానికని దాన్ని కలుపుతారు, అయితే నోటి ద్వారా ఇచ్చినప్పుడు దానివల్ల ప్రయోజనం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సలహాలిచ్చే నిపుణుల సంఘం 2023 సెప్టెంబరులో తేల్చి చెప్పింది. మన దేశంలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో, ఈ రెండూ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీదా, లోపలి కాగితం మీదా ముద్రించాలని కంపెనీలను ఆదేశించింది. ఆ తర్వాత 2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనూ కూడదు, ఇవ్వనూ కూడదని, సాధారణంగా ఐదేళ్లలోపు పిల్లలకు కూడా అవి సిఫారసు చేయదగినవి కావని రాష్ట్రాలకు సూచన పంపింది. మీ పాపకు నాలుగేళ్లే కనుక ఆమె కూడా ఈ హద్దులోనే ఉంది. ఊళ్లో దుకాణంవారు ఈ సిరప్‌ను చీటీ అడగకుండా ఇచ్చారని రాశారు, వారికి ఈ విషయం మర్యాదగానే చెప్పండి.

ఆ సూచన వచ్చిన సందర్భమే మీరు విన్న వార్త. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కోల్డ్రిఫ్ అనే జలుబు సిరప్ తాగిన చిన్నపిల్లలకు మూత్రపిండాలు దెబ్బతిని, ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ సిరప్ మనకు దగ్గరలోనే, తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. పరీక్షలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48.6 శాతం ఉన్నట్లు తేలింది, ఉండదగిన హద్దు 0.1 శాతం. సిరప్‌లలో మందును కరిగించడానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి ద్రవాలు వాడతారు. మందుల తయారీకి తగిన శుద్ధి లేని, పరిశ్రమల్లో వాడే చౌక ద్రవం వాటి స్థానంలోకి వచ్చినా, ముడిసరుకును పరీక్షించకుండా వాడినా ఈ విషం లోపలికి వస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. 1972లో మద్రాసులో పిల్లలు దీనివల్లనే చనిపోయారు, 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో రోగులు చనిపోయారు, 2022లో గాంబియాలో దాదాపు డెబ్బై మంది పిల్లలు బలయ్యారు. అర్ధ శతాబ్దం గడిచినా అదే విషం, అదే నిర్లక్ష్యం పిల్లల ప్రాణాలు తీస్తున్నాయంటే ఈ వృత్తిలో ఉన్నవాడిగా నాకు చాలా బాధగానూ కోపంగానూ ఉంటుంది.

అటువంటి సిరప్‌ను రంగు చూసిగానీ, వాసన చూసిగానీ, రుచి చూసిగానీ ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేరు. ఆ విషం కాస్త తియ్యగానే ఉంటుంది. కనుక మీ చేతిలో ఉన్న రక్షణ ఏమిటంటే, అవసరం లేని సిరప్ ఇంట్లోకి రానివ్వకపోవడం, అవసరమైనది కొన్నప్పుడు బ్యాచ్ నంబరు రాసిన బిల్లు తీసుకుని అట్టపెట్టెతో సహా మందు అయిపోయేవరకూ దాచడం. ఏదైనా సిరప్ మొదలుపెట్టిన తర్వాత బిడ్డ ఆరేడు గంటలపాటు మూత్రం పోయకపోయినా, ఆగకుండా వాంతులవుతున్నా, మగతగా పడి ఉన్నా, మందు ఆపి సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఇక పారాసిటమాల్ సిరప్‌ను కూడా మానేయాలా అంటే, వద్దు. చీటీ మీద, బిల్లుతో, నమ్మకమైన దుకాణంలో కొన్న పారాసిటమాల్ వల్ల జ్వరంతో బాధపడే బిడ్డకు కలిగే మేలు చాలా ఎక్కువ. భయపడి దాన్ని కూడా పారేసి, పెద్దల మాత్రను విరిచి నలిపి తేనెలో కలిపి పెట్టడం మొదలుపెడితే అసలు ప్రమాదం అక్కడ వస్తుంది.

జ్వరం తగ్గించడానికి ఇంకా వేరే మందులు ఉన్నాయి కదా, వాటిని మార్చి మార్చి ఇవ్వమన్నారని చాలామంది తల్లులు నన్ను అడుగుతుంటారు. ఇబుప్రొఫెన్ కొన్ని సందర్భాల్లో వైద్యులు రాస్తారు, మెఫినమిక్ యాసిడ్ సిరప్ కూడా మన ప్రాంతంలో విరివిగా రాస్తారు. కానీ వైద్యుడు చూడకుండా వీటిని ఇంట్లో మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో మన కోస్తాలో వానలు పడి, నీళ్లు నిలిచి, దోమలు పెరిగి, డెంగీ వచ్చే కాలం. మొదటి రెండు రోజుల్లో డెంగీ జ్వరానికీ మామూలు వైరస్ జ్వరానికీ తేడా తెలియదు. డెంగీలో ఇబుప్రొఫెన్, మెఫినమిక్ యాసిడ్, ఆస్పిరిన్ వంటివి ఇస్తే రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు ఇవి మూత్రపిండాల మీద కూడా దెబ్బ తీస్తాయి. మెఫినమిక్ యాసిడ్ వల్ల అరుదుగానైనా తీవ్రమైన అలర్జీ రావచ్చని మందుల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ ఫార్మాకోపియా కమిషన్ 2023లో వైద్యులనూ ప్రజలనూ హెచ్చరించింది. ఆస్పిరిన్ పిల్లలకు జ్వరంలో అసలే ఇవ్వకూడదు, దానివల్ల మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రై సిండ్రోమ్ అనే జబ్బు రావచ్చు. నిమెసులైడ్ అనే మరో జ్వరం మందును పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడకుండా 2011లోనే మన ప్రభుత్వం నిషేధించింది. పాత సీసా ఎక్కడైనా అల్మరాలో కనబడితే పారేయండి.

పారాసిటమాల్ వేశాక గంటకు కూడా ఒళ్లు పూర్తిగా చల్లబడలేదని కంగారుపడి రెండో మందు కోసం చూస్తారు. ఆ మందు పని మొదలుపెట్టడానికే అరగంట నుంచి గంట పడుతుంది. 103 డిగ్రీలున్న జ్వరం 101కి దిగి, బిడ్డ కాస్త తేరుకుని పాలు తాగితే మందు పనిచేసినట్లే. జ్వరం అనేది శరీరం క్రిములతో పోరాడే పద్ధతి, దాన్ని అంకెగా చూసి 98.6కు దించాలన్న పట్టుదల అక్కరలేదు. థర్మామీటరులో 101 ఉన్నా ఆడుకుంటున్న పిల్లకు మందు వేయనక్కరలేదు, నిద్రపోతున్న బిడ్డను మందు కోసం లేపనూ అక్కరలేదు. చేత్తో తాకి చూసి జ్వరం ఎంతో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, చంక కింద పెట్టి చూడండి. 100.4 దాటితే జ్వరం అనుకోవాలి. మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 ఉంటే మాత్రం ఏ మందూ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయన్న భయంతోనే చాలా ఇళ్లలో మందు ఎక్కువగా పోస్తారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య కొందరు పిల్లలకు జ్వరంలో ఫిట్స్ రావడం నిజమే. అయితే జ్వరం మందు ఎక్కువగా వేసినా, ముందుగానే వేసినా అవి రాకుండా ఆపలేమని పరిశీలనల్లో తేలింది. వస్తే బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టవద్దు, ఉల్లిపాయ వాసన చూపిస్తూ సమయం వృథా చేయవద్దు. ఎంతసేపు వచ్చాయో గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయండి. ముందే ఆగిపోయినా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చూపించాలి. జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు ఒళ్లు తుడవదలిస్తే గోరువెచ్చని నీళ్లతో తుడవండి. ఐసు నీళ్లు, స్పిరిట్ వాడకూడదు. దుప్పట్లు కప్పి, కిటికీలు మూసి ఉక్కపోతలో ఉంచడం వల్ల ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది.

జలుబుకు సిరప్ వద్దంటే మరి ఏం చేయాలని మీరు అడుగుతారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో తనంతట తాను తగ్గుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉండవచ్చు. ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం ఈ వయసు పిల్లల్లో మామూలే. యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు. ఎదిరింటి బిడ్డకు రాసిన అజిత్రోమైసిన్ సీసాలో మిగిలింది మీ బాబుకు పోయడం వల్ల నష్టమే. ముక్కు దిబ్బడేస్తే బాబు పాలు తాగలేడు, కనుక పాలిచ్చే ముందు, పడుకోబెట్టే ముందు ఒక్కొక్క ముక్కులో రెండు చుక్కలు సెలైన్ చుక్కల మందు వేసి, కొంచెం ఆగి శుభ్రం చేయండి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఒకే పేరుతో వచ్చే ముక్కు చుక్కల్లో కొన్ని ఉత్త ఉప్పునీళ్లు, కొన్ని ఆక్సీమెటజోలిన్ లేదా జైలోమెటజోలిన్ అనే దిబ్బడ తగ్గించే మందు కలిసినవి. పెట్టెలు చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండో రకం చంటిబిడ్డకు వేస్తే గుండె, శ్వాస మందగించి మగతలోకి జారిపోవచ్చు. సోడియం క్లోరైడ్ (ఉప్పు) తప్ప మరే మందు పేరూ లేని పెట్టెనే తీసుకోండి.

పాపకు ఏడాది దాటింది కనుక పడుకునే ముందు అర చెంచా నుంచి ఒక చెంచా తేనె ఇవ్వవచ్చు, దగ్గు ఉపశమిస్తుంది. బాబుకు ఏడాది నిండలేదు కాబట్టి తేనె నాలుకకు రాయడం కూడా వద్దు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి ఏడాదిలోపు బిడ్డల పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసే చిట్కాలను నేను తీసిపారేయను. పాపకు గోరువెచ్చని శొంఠి నీళ్లు, మిరియాల చారు అన్నం పెడితే మంచిదే, పాలు, పెరుగు, అరటిపండు మానిపించి పథ్యం పెట్టనక్కరలేదు. కానీ ముక్కులో ఆముదం, కొబ్బరినూనె చుక్కలు వేయడం మానాలి, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నెమ్ము (న్యుమోనియా) చేస్తుంది. గిన్నెలో సలసల కాగే నీళ్లు పెట్టి బిడ్డకు దుప్పటి కప్పి ఆవిరి పట్టవద్దు. ఆ నీళ్లు ఒలికి ఒళ్లు కాలిన పిల్లల కోసం మా దుకాణానికి మందులకు వచ్చిన కుటుంబాలను చూశాను. కర్పూరం కరిగించిన నూనె రెండేళ్లలోపు పిల్లల ఒంటికి రాయకండి, ఏ వయసు పిల్లలకైనా ముక్కు దగ్గర రాయకండి. దేవుడి గదిలోని కర్పూరం బిళ్ల బిడ్డ నోట్లో పెట్టుకుంటే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. బాబుకు తల్లిపాలే మొదటి మందు, మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వండి.

ఎప్పుడు ఇంటి వైద్యం చాలించాలో ఇప్పుడు చెబుతాను, దీన్ని జాగ్రత్తగా చదవండి. బిడ్డ ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా తీసి, పొట్ట, ఛాతీ కదలికను గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 లేదా అంతకంటే ఎక్కువసార్లు, ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలు 40 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంటే అది నెమ్ము కావచ్చు. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా రాత్రా పగలా అని చూడకుండా బయలుదేరాలి. మీకు కావలి ఏరియా ఆసుపత్రి దగ్గర, అక్కడి నుంచి అవసరమైతే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పంపుతారు. ఒంగోలు వైపు ఉన్నవారు అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి (రిమ్స్ అని పిలిచేది) వెళ్లవచ్చు. మీ పిల్లలకు జ్వరం మొదలై రెండు రోజులైందని రాశారు. రేపటికి కూడా జ్వరం వస్తుంటే, ఈ గుర్తులేవీ లేకపోయినా ఇద్దరినీ వైద్యునికి చూపించండి, వానాకాలం కనుక రక్తపరీక్ష అవసరమా లేదా అన్నది వారు నిర్ణయిస్తారు. జ్వరం తగ్గుతున్న సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, కాళ్లు, ముక్కు లేదా చిగుళ్ల నుంచి రక్తం కనబడితే డెంగీ ముదిరిన గుర్తు. జ్వరం దిగింది కదా అని అప్పుడు ఇంట్లో ఉండిపోకూడదు.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఏ మందు, ఎన్ని మి.లీ., ఏ వేళకు ఇచ్చారో రాసుకుని వెళ్లండి. పగలు అమ్మమ్మ ఒకసారి, సాయంత్రం నాన్న ఒకసారి, ఒకరికి తెలియకుండా ఒకరు పోసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. బిడ్డ నలుగురి చేతుల్లో పెరిగే ఇంట్లో ఈ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంచడం తప్పనిసరి. ఆశా కార్యకర్తగానీ, ఏఎన్‌ఎంగానీ పారాసిటమాల్ ఇచ్చి ఉంటే అదీ రాయండి.

సీసాల నిల్వ గురించి రెండు మాటలు. మన జిల్లాలో మే నెల ఎండలకు రేకుల ఇంట్లో అల్మరా కూడా పొయ్యిలా కాగుతుంది. చాలా సిరప్‌లను 30 డిగ్రీలలోపు ఉంచమని సీసా మీద రాసి ఉంటుంది కాబట్టి ఇంట్లో అన్నిటికంటే చల్లగా, నీడగా ఉండే చోట, పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి. మూత తీసిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. గడువు తేదీ ఇంకా ఉన్నా, టీకా వేయించినప్పుడు తెరిచిన చుక్కల మందు నెలల తరబడి అలాగే ఉండి ఉంటే దాన్ని పారేసి కొత్తది కొనడమే నయం. మందును తియ్యటి పానకమనో చాక్లెట్ అనో చెప్పి తాగించకండి, మీ పాప వయసు పిల్లలు ఆ మాట గుర్తుపెట్టుకుని ఎవరూ చూడనప్పుడు సీసా ఎత్తి తాగేస్తారు. అలా తాగితే బిడ్డ చూడటానికి బాగానే ఉన్నా ఆగవద్దు. పారాసిటమాల్ ఎక్కువైనప్పుడు మొదటి రోజు పెద్దగా ఏమీ కనబడదు, కాలేయం దెబ్బతిన్న సంగతి ఆ తర్వాతే బయటపడుతుంది. దానికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, అది ఎనిమిది గంటలలోపు పడితే చాలా బాగా పనిచేస్తుంది. ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. సీసాలో ఎంత మిగిలిందో చూసి, ఎన్ని గంటలకు తాగిందో గుర్తుపెట్టుకుని, సీసా చేతపట్టుకుని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి.